నాన్నగారి చేలో మట్టి, డాబా మీద బాల్చీ

ప్రశ్న: మాది విజయవాడ, భవానీపురం. రెండంతస్తుల సొంత ఇల్లు, పైన డాబా అంతా ఖాళీ. పిల్లలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళిపోయాక ఫిబ్రవరిలో డాబా మీద కూరగాయలు మొదలుపెట్టాను. 20 లీటర్ల పెయింటు బాల్చీలు 30 కొని, అడుగున గులకరాళ్ళు పోసి, ప్రత్తిపాడు దగ్గర మా నాన్నగారి చేలోంచి తెచ్చిన నల్లమట్టి నింపాను. ఆ చేను నిరుడు అమ్మేశాం. మిరపకీ పత్తికీ పేరున్న నేల అది. టమాటా ఏపుగా ఎదిగింది, విరగబూసింది, ఒక్క పిందె నిలవలేదు. వంగ వాలిపోతోంది. మిరప ఆకులు ముడుచుకుపోయాయి. బీరతీగ నిండా పూలే, కాయ లేదు. రెండు పూటలా నీళ్ళు పోస్తున్నాను. బియ్యం కడిగిన నీళ్ళు, టీ పొడి, గుడ్డు పెంకులు, అరటితొక్కలు, ఎవరేం చెప్తే అది వేశాను. మా అత్తగారు ఏ కొమ్మ గుచ్చినా చిగురేసేది. నాకా హస్తవాసి లేదేమో. డాబా పాడైపోతుంది, అన్నీ తీయించెయ్యమని మావారు గొడవ. తీసెయ్యనా?

– ఒక గృహిణి, భవానీపురం

జవాబు: అమ్మా, తీసెయ్యకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏప్రిల్ ఎండలో, ఆ మట్టిలో, టమాటాని ఏపుగా పెంచారంటే మీ చేతిలో లోపమేమీ లేదు. మీ అత్తగారు కొమ్మలు గుచ్చింది పెరట్లో నేలలో అయి ఉంటుంది, అదీ తొలకరి చినుకులు పడ్డాక అయి ఉంటుంది. నేల మన తప్పుల్ని చాలావాటిని కడుపులో పెట్టుకుంటుంది. బాల్చీకి ఆ ఓర్పు లేదు. దాని లోతు అడుగుకి కాస్త ఎక్కువ. అందులో ఉన్నదే తిండి, అందులో ఉన్నవే నీళ్ళు. వేరు పక్కకి పోయి వెతుక్కునే దారి లేదు. అందుకని ముందు మట్టి సంగతి మాట్లాడుకుందాం.

మీ నాన్నగారి నేల గొప్ప నేలే. గుంటూరు జిల్లా నల్లరేగడి వాననీటిని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. వానలు వెనకబట్టాక కూడా పత్తి నిలబడేది అందుకే. ఆ గుణం దానిలోని సన్నటి బంక రేణువులది. తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. ఎండాకాలం చేలో చెయ్యి దూరేంత నెర్రెలు మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. చేలో ఆ నెర్రెలు మేలే చేస్తాయి. పైమట్టి వాటిలోకి రాలిపడుతుంది, వానకి మళ్ళీ మూసుకుంటాయి, నేల తనను తానే దున్నుకున్నట్టవుతుంది. పైగా కింద ఎంతో లోతు ఉంది కాబట్టి మిగులు నీరు మెల్లగా దిగిపోతుంది.

అదే మట్టి బాల్చీలో వేరేలా నడుచుకుంటుంది. నీళ్ళు పోయగానే ఉబ్బి, గాలి ఆడే సందులన్నీ మూసేస్తుంది. వేరుకి నీళ్ళెంత అవసరమో గాలీ అంతే. మధ్యాహ్నానికి పైన అంగుళం మేర ఎండి బీటలిస్తుంది. అది చూసి సాయంత్రం మళ్ళీ పోస్తారు. అడుగున మాత్రం నిన్నటి బురద అలాగే ఉంటుంది. రెండురోజులు ఊరెళ్ళి వస్తే ఇంకోటి జరుగుతుంది. మట్టిముద్ద ముడుచుకుని బాల్చీ గోడ నుంచి విడిపోతుంది. అప్పుడు పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి కింద కన్నాల్లోంచి కారిపోతాయి. కారుతున్నాయి కదా, తడిసిందిలే అనుకుంటాం. ముద్ద నడుమ పొడిగానే ఉంటుంది. ఒకే మట్టిలో ఒక మొక్క వేరు కుళ్ళి చస్తుంది, పక్కది దాహంతో చస్తుంది. బయటికి రెండూ వాలిపోయే కనిపిస్తాయి. మీ వంగ మొక్కల్లో ఒకదాన్ని పీకి వేరు చూడండి. తెల్లగా గట్టిగా ఉంటే దాహం. గోధుమరంగుకి తిరిగి, వేళ్ళతో లాగితే తొక్క ఊడొస్తుంటే కుళ్ళు. వేరు మీద ముడులు ముడులుగా బొడిపెలుంటే మట్టిలో నులిపురుగులు ఉన్నట్టు.

గులకరాళ్ళ మాట కూడా చెప్పాలి. నేనూ గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద ఏళ్ళపాటు అడుగున రాళ్ళు పోసి మట్టి నింపాను, అందరూ అలాగే చెప్పేవాళ్ళు. కాని సన్నమట్టిలోని నీరు పెద్ద సందులున్న రాళ్ళలోకి తేలిగ్గా దిగదు. పైమట్టి పూర్తిగా నాని బరువెక్కాకే చుక్క జారుతుంది. కాబట్టి రాళ్ళకి సరిగ్గా పైన ఎప్పుడూ ఒక బురద పొర నిలుస్తుంది. మూడంగుళాల రాళ్ళు పోస్తే ఆ పొర మూడంగుళాలు పైకొచ్చి వేరుకి దగ్గరవుతుంది. రాళ్ళు తీసెయ్యండి. బాల్చీ అడుగున వేలు దూరేంత కన్నాలు నాలుగైదు పెట్టి, అడుగు నుంచి అంగుళం ఎత్తులో పక్కలకి ఇంకో రెండు పెట్టండి. మట్టి జారిపోకుండా లోపల కన్నాల మీద గుప్పెడు కొబ్బరి పీచు పరిస్తే చాలు.

మరి ఏ మట్టి? నేను కలిపే లెక్క తట్టల్లో చెప్తాను. ఎర్రమట్టి నాలుగు తట్టలు, బాగా చివికిన పశువుల ఎరువు గాని వర్మికంపోస్టు గాని మూడు తట్టలు, కొబ్బరి పొట్టు మూడు తట్టలు, వడ్ల ఊక ఒక తట్ట. 20 లీటర్ల బాల్చీకి 100 గ్రాముల వేపపిండి. పచ్చి పేడ, సగం చివికిన ఎరువు వద్దు. బాల్చీలో అది కుళ్ళేటప్పుడు వేడి పుట్టి లేత వేరు మాడిపోతుంది, వేరుపురుగూ వస్తుంది. కొబ్బరి పొట్టు ఇటుకలుగా దొరుకుతుంది. దాన్ని నానబెట్టి, ఆ ముదురురంగు నీళ్ళు రెండు మూడుసార్లు పారబోసి వాడండి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, కడగకపోతే ఆకుల అంచులు మాడతాయి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద అవ్వాలి, వేలితో తాకితే విడిపోవాలి. మంచి మట్టికి ఇంతకంటే పరీక్ష లేదు.

ఇప్పుడు టమాటా. పూత రాలడానికి పోషక లోపమని ఎవరో చెప్తే మీరు అన్నీ వేశారు. లోపం పోషకాలది కాదు, కాలానిది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకుండా 25 పైనే ఉంటే టమాటా పువ్వులోని పుప్పొడి చచ్చుబడిపోతుంది. పువ్వు విచ్చుకుంటుంది, పిందె కట్టదు, కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడలో పగలు 40 దాటడం మామూలు. రాత్రి 28 ఉన్నా మనం చల్లగా ఉందనుకుంటాం. కొండలూ కాంక్రీటూ పగటి వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి. ఆ వేడిలో మీరే కాదు, వ్యవసాయం చదివినవాళ్ళు పెంచినా డాబా మీద టమాటా కాయదు.

మనకి టమాటా చలికాలపు పంట. ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబరు మధ్యలో, చిన్న ట్రేలో నారు పోయండి. హస్త వెళ్ళి చిత్త వచ్చేసరికి నారు నాలుగైదు ఆకులకి వస్తుంది, అప్పుడు బాల్చీకి ఒక్కటే నాటండి. ఒక్కటే అని గట్టిగా చెప్తున్నాను. జాలిపడి రెండు నాటితే రెండూ సగం సగం కాస్తాయి. కాడని మొదటి ఆకుల దాకా మట్టిలో పాతితే పాతిన చోటల్లా వేళ్ళు వస్తాయి. పువ్వు వచ్చాక పొద్దున తొమ్మిది, పది గంటలప్పుడు కర్రకి కట్టిన కాడని వేలితో రెండు మూడుసార్లు మెల్లగా తట్టండి. టమాటాలో మగా ఆడా ఒకే పువ్వులో ఉంటాయి, ఆ కదలికకే పుప్పొడి రాలి పిందె కడుతుంది. డిసెంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా కోస్తారు. రకం విషయానికొస్తే, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా రక్షక్ నాకు నచ్చింది. ఆకుముడత వైరస్‌ని, వడలు తెగులుని, ఆకుమాడు తెగులుని మూడింటినీ కొంత తట్టుకుంటుంది. అది హైబ్రిడ్ కాబట్టి కాయల్లోంచి తీసిన గింజ మళ్ళీ వేస్తే అదే గుణం రాదు, ఏటా కొనాల్సిందే. కాయ అడుగున నల్లగా మాడినట్టు మచ్చ పడితే కంగారుపడి సున్నం కలపకండి. నీళ్ళు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతుంటే కాల్షియం కాయ చివరిదాకా చేరదు. నీళ్ళు సమంగా పోస్తే తరవాతి కాయలు బాగానే వస్తాయి.

బీరతీగ సంగతి నాకు ఇష్టమైన సంగతి, కాస్త వివరంగా చెప్తాను. బీర, సొర, కాకర, దోస, గుమ్మడి, వీటన్నిటికీ ఒకే తీగ మీద మగపూలు వేరు, ఆడపూలు వేరు. ముందు పదిహేను రోజులు మగపూలే వస్తాయి. అవి గుత్తులుగా వచ్చి రాలిపోతాయి, రాలాలి కూడా. ఆడపువ్వుని గుర్తుపట్టడం తేలిక. రేకుల కింద, కాడకి పైన, వేలెడంత చిన్నకాయ అప్పటికే ఉంటుంది. మగపువ్వుకి ఉత్త కాడే. మీ తీగకి ఆ బుల్లికాయలున్న పూలు వచ్చి పసుపురంగుకి తిరిగి రాలిపోతున్నాయంటే పుప్పొడి అందలేదన్నమాట. నేల మీద పాదులకి ఆ పని తేనెటీగలూ తుమ్మెదలూ చిమ్మటలూ చేసిపెడతాయి. రెండంతస్తుల ఎత్తుకి, చుట్టూ సిమెంటు మధ్యకి, అవి తక్కువ వస్తాయి. వచ్చేదాకా ఆ పని మనమే చెయ్యాలి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. పొద్దున్నే కాఫీ తాగి పైకెళ్ళి బీరపూవు కోసం వెతుకుతారు. బీరపూవు పొద్దున విచ్చుకోదు. సాయంత్రం అయిదు దాటాక విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. సొరపూవు కూడా అంతే, సందెచీకట్లో తెల్లగా విచ్చుకుంటుంది. కాకర, దోస, గుమ్మడి మాత్రం తెల్లవారుజామున విచ్చుకుంటాయి, ఎనిమిదిలోపు పని అయిపోవాలి. బీరకైతే సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పైకెళ్ళండి. అప్పుడే విచ్చిన మగపువ్వుని కాడతో తుంచి, రేకులు వెనక్కి మడిచి, నడిమధ్య పసుపుపొడిని ఆడపువ్వు లోపలి మొనకి మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు మూడు ఆడపూలకి సరిపోతుంది. మర్నాటికి మర్నాడు ఆ బుల్లికాయ నిగనిగలాడుతూ కాడ వంగుతుంది, అదే గుర్తు. మొదటిసారి అలా నిలిచిన కాయని చూడటానికి మావాళ్ళందరినీ డాబా మీదికి పిలిచాను.

అయితే 20 లీటర్ల బాల్చీ బీరకి చాలదు. రెండు మూడు కాయలిచ్చి అలిసిపోతుంది. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముని సగానికి కోయించి, ఒక్కో సగంలో రెండు పాదులు పెట్టండి. చిక్కుడు కూడా ఆ డ్రమ్ములోనే. మన పందిరి చిక్కుడుకి పగలు పొట్టిబడితేనే పూత వస్తుంది. ఎప్పుడు వేసినా తీగ సాగుతుంది గాని కాయ సంక్రాంతి ముందే. కాబట్టి ఆగస్టులో వేస్తే కాలం కలిసొస్తుంది, ఏప్రిల్లో వేసి ఆర్నెల్లు ఆకులకి నీళ్ళు పోయక్కర్లేదు.

మిరప ఆకు ఎటు ముడుచుకుందో మీరు రాయలేదు. గుంటూరు రైతు ముందు చూసేది అదే. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే పైముడత, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుని బోర్లించిన దోనెలా అయి, కాడ సాగితే కిందిముడత, అది నల్లి పని. ఎండాకాలం పొడిగాలికి నల్లి ఎక్కువ. దానికి మొదటి మందు నీళ్ళే. పొద్దున పూట ఆకుల అడుగు తడిసేలా వారానికి మూడుసార్లు గట్టిగా చిమ్మండి. ముడుచుకున్న కొసలు తుంచి డాబా మీద పడెయ్యకుండా కవర్లో కట్టి పారెయ్యండి. తామర పురుగుకి నీలిరంగు జిగురు అట్టలు, తెల్లదోమకి పసుపురంగువి, మొక్కల ఎత్తులోనే వేలాడదీయండి. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త కుంకుడురసం, సూర్యుడు దిగాక మాత్రమే కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. 2021-22లో పువ్వుల్లో చేరే నల్ల తామర పురుగు మా జిల్లా మిరప చేలని ముంచేసింది. ఎకరాలకి ఎకరాలు దున్నేసుకున్న రైతులున్నారు. మీ రెండు కుండీల్లో ఆకు ముడిస్తే మీ చేతి దోషం అనుకోవడం నాకు బాధగా ఉంది. తరతరాలుగా మిరప పండించినవాళ్ళనే ఆ పురుగు ఏడిపించింది.

పచ్చిమిర్చికి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నారు తెచ్చి నాటుకోండి. గుంటూరు మిర్చి యార్డులో అంత పేరున్న 334 రకం పుట్టింది మా ఊరి దగ్గరి లాం ఫారంలో, అంటే అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే. ఇంటికి నాలుగు మొక్కలు చాలు.

వంగ పీకెయ్యకండి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తుంటే అది ఎండదెబ్బ, దానికేం కాదు. మొక్కంతా బాగుండి కొసలు మాత్రమే తలవాలిస్తే కొమ్మ తొలిచే పురుగు లోపల ఉన్నట్టు. వాలిన చోటికి రెండంగుళాల కింద కత్తిరించి చీల్చి చూస్తే గులాబిరంగు పురుగు కనిపిస్తుంది. వారానికోసారి అలా కత్తిరిస్తూ ఉంటే మందు అక్కర్లేదు. వేరు బాగున్న మొక్కల్ని జూన్‌లో జానెడు ఎత్తుకి కోసి, కొత్త మట్టిలోకి మార్చి, రెండు గుప్పిళ్ళ ఎరువు వేస్తే మళ్ళీ చిగురేసి కాస్తుంది.

ఇక నీళ్ళు. గడియారం చూసి పోయకండి, వేలు పెట్టి పోయండి. చూపుడువేలు రెండు కణుపుల లోతు దిగాక చల్లగా తడి తగిలితే ఆ పూట వద్దు. మంచి మట్టిలో పెద్ద మొక్కకి మే నెలలో బాల్చీకి రెండు మూడు లీటర్లు, సూర్యుడు ఎక్కకముందే. చలికాలంలో ఒకపూట మానినా నష్టం లేదు. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుగడ్డి గాని, రాలిన ఆకులు గాని కప్పండి. తడి ఆరడం బాగా తగ్గుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు మంచివే, కాని వాటినీ నీళ్ళ లెక్కలోనే వేసుకోవాలి. రెండుపూటలా నీళ్ళు పోసి, మధ్యలో బియ్యపు నీళ్ళు, పప్పు నీళ్ళు పోస్తే మూడోపూట భోజనమే. పాలూ పంచదారా తగిలిన టీ పొడి చీమల్ని తెస్తుంది, చీమలు పిండినల్లిని మోసుకొస్తాయి. అరటితొక్కలు, గుడ్డు పెంకులు నేరుగా బాల్చీలో వద్దు, మూతున్న డబ్బాలో ఎండాకులతో కలిపి చివకనివ్వండి. మొక్క కాపుకొచ్చాక పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మికంపోస్టు, లేదా 100 గ్రాముల వేరుశనగ చెక్క రెండు లీటర్ల నీళ్ళలో మూడురోజులు నానబెట్టి, వడగట్టి, పదింతల నీళ్ళు కలిపి పోయండి. వాసన వస్తుంది, మూత పెట్టండి, పక్కింటివాళ్ళకి ముందే ఒక మాట చెప్పండి. మీకు కృష్ణ నీళ్ళు వస్తే అదృష్టమే. బోరు నీళ్ళయితే బాల్చీ అంచున తెల్లటి పొర పేరుతుంది. నెలకోసారి అడుగు నుంచి ధారగా కారేదాకా మంచినీళ్ళు పోసి ఆ ఉప్పు కడిగెయ్యండి.

మీవారి భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారెయ్యకండి. జనం ఎక్కి తిరిగే డాబాకి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువు లెక్కగడతారు. తడిసిన నల్లమట్టి బాల్చీ 30 కిలోలు దాటుతుంది. ఒక చదరపు మీటరులో తొమ్మిది బాల్చీలు ఇరికిస్తే 270 కిలోలు. నేను చెప్పిన మిశ్రమం అయితే ఒక్కొక్కటి 20 కిలోల దగ్గర ఉంటుంది. చదరపు మీటరుకి ఆరు మించకుండా, మధ్యలో నడిచే దారి వదిలి సర్దండి. సగం డ్రమ్ములు మాత్రం కింద గోడ గాని దూలం గాని ఉన్న వరస మీదే పెట్టాలి, అవి 100 కిలోలు దాటుతాయి. పిట్టగోడ మీద, బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ అంచున ఏమీ వద్దు. ఇల్లు పాతదయితే, స్లాబు కింద ఇనుము కనిపిస్తుంటే, ఇంజినీరుకి చూపించకుండా ఒక్క బాల్చీ కూడా పెంచకండి.

బరువుకంటే తడి ఎక్కువ చెరుపు చేస్తుంది. నేను మొదట్లో గ్రోబ్యాగులు నేరుగా స్లాబు మీద పెట్టాను. ఒక వానాకాలం గడిచేసరికి కింద పడగ్గది పైకప్పుకి చెమ్మ దిగింది, పెచ్చులూడింది. బాగుచేయించడానికి అయిన ఖర్చు ఆ ఏడు కూరగాయలకి పెట్టే ఖర్చు కంటే ఎక్కువ. అప్పటినుంచి ప్రతి బాల్చీ కిందా మూడు ఇటుక ముక్కలు. కింద గాలి ఆడాలి, చీపురు దూరాలి. కారిన నీళ్ళు గంటలో ఆరిపోవాలి. అడుగున పళ్ళేలు పెట్టకండి, నిలిచిన శుభ్రమైన నీటిలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. స్లాబు మీద లీకు రాకుండా పూత వేయించదలిస్తే ఇదే అదను. బాల్చీలన్నీ ఎలాగూ ఖాళీ చేస్తున్నారు.

అవును, ఈ మే నెలలో మీరు చెయ్యాల్సిన పని అదే. కొత్త విత్తనం వెయ్యకండి. రోహిణి కార్తె వెళ్ళేదాకా డాబా మీద లేత మొక్క నిలవదు. టమాటా పీకెయ్యండి, బతికున్న వంగకీ మిరపకీ 50 శాతం ఎండని ఆపే షేడ్ నెట్ కట్టండి, మిగతా బాల్చీల మట్టి గుమ్మరించండి. గడ్డలు చితగ్గొట్టి, డాబా మీద మూడంగుళాల మందానికి మించకుండా పరిచి, బాగా తడిపి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ పట్టా కప్పి, అంచులు ఇటుకలతో బిగించండి. నల్ల పట్టా వద్దు, ఎండ లోపలికి దూరాలి. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉడికితే నులిపురుగులు, కుళ్ళు తెగుళ్ళ బీజాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. మనల్ని కాల్చే ఈ ఎండకి ఇంతకంటే మంచి వాడకం నాకు తెలీదు.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. ఒక చినుకు పడి గాలి చల్లబడ్డాక బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలితో మొదలుపెట్టండి. బెండ గింజ నేరుగా బాల్చీలో వెయ్యాలి, నారు తీసి నాటితే కోలుకోదు. బచ్చలికి విత్తనమే అక్కర్లేదు, కాళేశ్వరరావు మార్కెట్లో కొన్న కట్టలోంచి లావుపాటి కాడలు నాలుగు గుచ్చితే చాలు. పుదీనా కూడా అంతే, కాకపోతే దాన్ని మధ్యాహ్నపు ఎండ తగలని మూలన పెట్టండి. ఆకుకూరలకి బాల్చీలు దండగ. చేపలు, పండ్లు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టెలు అడిగి తెచ్చుకోండి. ఎనిమిదంగుళాల లోతు సరిపోతుంది, థర్మాకోల్ వేడిని లోపలికి రానివ్వదు కాబట్టి వేరు చల్లగా ఉంటుంది. తోటకూర 25 రోజులకే కోతకొస్తుంది. కొత్తిమీర, మెంతి, పాలకూర అక్టోబరు దాకా ఆపుకోండి. ఎండలో కొత్తిమీర ఆకు వెయ్యకుండానే పూతకెక్కుతుంది. 30 బాల్చీలూ ఒకేసారి నింపకండి, ఈ ఏడు 15తో చాలు. నడుమ నడుమ రెండు బంతిమొక్కలు ఉంటే తేనెటీగలు మీ డాబా దారి నేర్చుకుంటాయి. అక్టోబరు తుపాను గాలులకి ముందే పందిరి గుంజలు బిగించుకోవడం మరిచిపోకండి.

చివరికి ఆ నల్లమట్టి. అమ్మేసిన చేలోంచి తెచ్చుకున్న మట్టిని పారబొయ్యమని నేను చెప్పను. ఎండలో ఉడికించాక దాన్ని బస్తాల్లో దాచుకుని, కొత్త మిశ్రమం పది తట్టలకి ఒక తట్ట చొప్పున మెత్తగా పొడిచేసి కలపండి. అంత కొద్దిగా ఉంటే బంకగుణం చెరుపు చెయ్యదు. పైగా కొబ్బరి పొట్టు నిలుపుకోలేని పోషకాల్ని అది పట్టి ఉంచుతుంది. అలా ప్రతి బాల్చీలోనూ మీ నాన్నగారి చేను కాస్త ఉంటుంది. ఇంకో పని కూడా చెయ్యండి. వెడల్పాటి టబ్బు ఒకటి తీసుకుని, సగం నల్లమట్టి, సగం ఎరువూ ఊకా కలిపి నింపి, మృగశిర చినుకు పడ్డాక ఎర్ర గోంగూర విత్తనం పలచగా చల్లండి. నెల తిరిగేసరికి తలలు తుంచుకోవచ్చు, తుంచేకొద్దీ పక్కకొమ్మలేస్తుంది. అక్టోబరు దాటి పగళ్ళు పొట్టిబడ్డాక పూతకొస్తుంది. అప్పుడు బలమైన మొక్క ఒకదాన్ని కొయ్యకుండా వదిలెయ్యండి. కాయలు చెట్టు మీదే గోధుమరంగుకి ఎండాక కోసి, గింజలు దులిపి, వేపాకు వేసిన సీసాలో పోసి, మూత మీద ఏడాది రాసి పెట్టుకోండి.